ముందు ప్రొపెల్లర్, తర్వాతే ఇంజిన్

రేడియో కంట్రోల్‌తో ఎగిరే విన్యాస విమానానికి ఇంజిన్‌నూ ప్రొపెల్లర్‌నూ విడివిడిగా కొంటారు. పనిలోకి దిగాక మాత్రం రెండూ కలిసి ఒకే యంత్రం. ఇంజిన్ ఇరుసును తిప్పుతుంది. ఆ తిరుగుడును విమానాన్ని లాగే బలంగా మార్చేది ప్రొపెల్లర్. ఈ జోడీ కుదరకపోతే ఎంత ఖరీదైన ఇంజినైనా వేడెక్కుతుంది, రొద పెడుతుంది, విమానాన్ని మాత్రం సరిగా లాగదు.

ఈ జోడీ నుంచి విన్యాస విమానం మూడు పనులు కోరుతుంది. నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు రెక్కలు బరువు మోయవు, భారమంతా ప్రొపెల్లర్ మీదే పడుతుంది. అప్పుడు వేగం పడిపోకుండా లాగడం మొదటి పని. ముక్కు కిందికి పెట్టి దిగేటప్పుడు వేగం హద్దు మీరకుండా అదే ప్రొపెల్లర్ అడ్డుపడాలి, అది రెండోది. థ్రాటిల్ కదిపిన మరుక్షణమే బలం పెరగడం, తగ్గడం మూడోది. ఇంజిన్ డబ్బా మీద అచ్చువేసే హార్స్‌పవర్ అంకె ఈ మూడింటిలో దేని గురించీ నేరుగా చెప్పదు. అందుకే అనుభవజ్ఞులు ముందుగా విమానం బరువు, ఎగరవలసిన వేగం చూసుకుంటారు. వాటిని బట్టి ప్రొపెల్లర్‌ను, ఆ ప్రొపెల్లర్‌ను కావలసిన వేగంతో తిప్పగలదా అన్నదాన్ని బట్టి ఇంజిన్‌ను నిర్ణయిస్తారు.

ప్రొపెల్లర్ మీది రెండు అంకెలు

ప్రతి ప్రొపెల్లర్ మీదా 11×6 వంటి గుర్తు ఉంటుంది. మొదటి అంకె వ్యాసం, రెండోది పిచ్. రెండింటికీ కొలత అంగుళాల్లోనే. బ్లేడు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండే దూరం వ్యాసం. మరమేకు చెక్కలోకి దిగినట్టు ప్రొపెల్లర్ ఏమాత్రం జారకుండా గాలిలోకి చొచ్చుకుపోతే, ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం పిచ్. 11×6 అంటే 11 అంగుళాల వ్యాసం, చుట్టుకు 6 అంగుళాల ముందడుగు.

పిచ్‌ను నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే ప్రొపెల్లర్ పిచ్ వేగం వస్తుంది. అంగుళాల పిచ్‌ను చుట్లతోనూ, ఆ వచ్చినదాన్ని 0.001524తోనూ గుణిస్తే అది గంటకు కిలోమీటర్లలో తేలుతుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే 11×6 ప్రొపెల్లర్ పిచ్ వేగం గంటకు దాదాపు 110 కిలోమీటర్లు. సమాంతరంగా ఎగిరే విమానం గరిష్ఠ వేగం సాధారణంగా ఈ అంకె దరిదాపుల్లోనే ఆగుతుంది. విమానం స్టాల్ అయ్యే, అంటే రెక్కలు బరువు మోయలేక చేతులెత్తేసే వేగానికి పిచ్ వేగం కనీసం రెండున్నర, మూడు రెట్లు ఉండాలన్నది నమూనా విమానాల వాళ్లు పాటించే మోటు లెక్క. అంతకన్నా తక్కువైతే విమానం గాలికి ఎదురీదలేక చతికిలబడుతుంది. మరీ ఎక్కువైతే నెమ్మదిగా చేయవలసిన విన్యాసాలకు పనికిరాదు.

ఎంత శక్తి తాగుతుంది?

ప్రొపెల్లర్‌ను తిప్పడానికి పట్టే శక్తి చుట్ల మూడో ఘాతాన్ని బట్టి, వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి, పిచ్‌ను బట్టి పెరుగుతుంది. ఇది ఉజ్జాయింపు సూత్రమే అయినా ఎంపికకు బాగా అక్కరకొస్తుంది. చుట్లు పది శాతం పెంచాలంటే దాదాపు 33 శాతం అదనపు శక్తి కావాలి. 11×6 తీసి 11×7 పెడితే భారం సుమారు 17 శాతం పెరుగుతుంది. అదే 12×6 పెడితే ఏకంగా 42 శాతం పెరుగుతుంది. పిచ్‌లో అంగుళం తేడాను ఇంజిన్ ఓర్చుకుంటుంది. వ్యాసంలో అంగుళం తేడా దాన్ని కుంగదీస్తుంది.

ఈ సూత్రంతో ఒకే ఇంజిన్‌కు సరిపోయే ప్రొపెల్లర్ల వరుస తయారవుతుంది. వ్యాసం నాలుగో ఘాతాన్ని పిచ్‌తో గుణిస్తే 10×9కి 90,000, 11×6కి దాదాపు 88,000, 12×4కి దాదాపు 83,000 వస్తాయి. ఇంజిన్ దృష్టిలో ఈ మూడూ ఇంచుమించు ఒకే బరువు. విమానం దృష్టిలో మాత్రం మూడు వేర్వేరు యంత్రాలు. నిమిషానికి 12,000 చుట్ల దగ్గర 10×9 పిచ్ వేగం గంటకు 165 కిలోమీటర్లు, 11×6ది 110, 12×4ది 73. నిలబడి ఉన్నప్పుడు అన్నింటికన్నా గట్టిగా లాగేది 12×4. వేగంగా పరుగెత్తేది 10×9. ఇంజిన్ మార్చకుండానే విమానం స్వభావాన్ని మార్చగలిగే వీలు ఇక్కడే ఉంది.

పెద్ద వ్యాసం ఎందుకు ఎక్కువ లాగుతుందో 19వ శతాబ్దంలో ఓడల ప్రొపెల్లర్ల కోసం ర్యాంకిన్, ఫ్రౌడ్ రూపొందించిన సిద్ధాంతం వివరిస్తుంది. కొంచెం గాలిని చాలా వేగంగా నెట్టడం కన్నా ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టడానికి తక్కువ శక్తి చాలు. ఏ నష్టమూ లేదనుకుంటే, నిలబడి ఉన్న 11 అంగుళాల ప్రొపెల్లర్‌కు 600 వాట్లు ఇచ్చినప్పుడు 3.8 కిలోల పైచిలుకు లాగుడు బలం వస్తుంది. అవే 600 వాట్లు 13 అంగుళాల ప్రొపెల్లర్‌కు ఇస్తే అది 4.3 కిలోలవుతుంది. నిజమైన ప్రొపెల్లర్లకు ఇందులో కొంత భాగమే దక్కినా, వాటి మధ్య తేడా మాత్రం ఇదే తీరులో ఉంటుంది.

పిచ్ ఎక్కువైన ప్రొపెల్లర్‌కు ఇంకో చిక్కుంది. విమానం కదలకుండా ఉన్నప్పుడు గాలి దాని బ్లేడ్లను మరీ ఏటవాలు కోణంలో తాకుతుంది. దాంతో బ్లేడ్లలో కొంత భాగం స్టాల్ అవుతుంది, శక్తి గాలిని చిలకడానికే ఖర్చవుతుంది. విమానం వేగం అందుకున్నాకే అలాంటి ప్రొపెల్లర్ సరిగా పట్టు చిక్కించుకుంటుంది. పిచ్ వ్యాసంలో సగం దాకా ఉన్నవి నేల మీదా గాలిలోనూ మధ్యస్థంగా పనిచేస్తాయి. సాధారణ విన్యాస విమానాలకు 11×6, 12×6, 13×6.5 వంటివి ఎక్కువగా వాడడానికి కారణం ఇదే.

ఏ తీరు ఎగురుడుకు ఏది?

విన్యాసాలన్నీ ఒకే కోవలోవి కావు. ప్యాటర్న్ పోటీల్లో విమానం లూప్‌లు, రోల్స్, నిలువు ఎక్కుళ్లు, దిగుళ్లు అన్నింటినీ ఒకే వేగంతో, గీత గీసినట్టు చేయాలి. అక్కడ పెద్ద వ్యాసంతో పాటు చెప్పుకోదగ్గ పిచ్ కూడా కావాలి. త్రీడీ ఎగురుడులో విమానం ముక్కు ఆకాశానికి పెట్టి ఒకేచోట నిలుస్తుంది, రెక్కలు స్టాల్ అయ్యాక కూడా ప్రొపెల్లర్ విసిరే గాలితోనే అదుపులో ఉంటుంది. దానికి పెద్ద వ్యాసం, చిన్న పిచ్, విమానం బరువుకు ఒకటిన్నర రెట్లకు తగ్గని లాగుడు బలం కావాలి. ఈ రెంటికీ నడుమన ఉండే సరదా విన్యాసాలకు బరువుకు 1.2 రెట్ల లాగుడు సరిపోతుంది.

పెద్ద వ్యాసం, చిన్న పిచ్ వల్ల దిగేటప్పుడు మరో లాభం కలుగుతుంది. థ్రాటిల్ తగ్గించగానే విమానం వేగం ప్రొపెల్లర్ పిచ్ వేగాన్ని మించిపోతుంది. అప్పుడు గాలే ప్రొపెల్లర్‌ను తిప్పుతూ విమానాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. పిచ్ ఎక్కువైన చిన్న ప్రొపెల్లర్‌తో దిగే విమానం మాత్రం ఈలవేస్తూ దూసుకొస్తుంది.

గ్లో ఇంజిన్లు

నమూనా విమానాలను దశాబ్దాల పాటు నడిపినది గ్లో ఇంజిన్. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్‌తో ఇది జనంలోకి వెళ్లింది. ప్లగ్‌లోని ప్లాటినం మిశ్రమపు తీగను బయట నుంచి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో ఎర్రగా కాల్చి ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తారు. తర్వాత బ్యాటరీ తీసేసినా, సిలిండర్‌లోని వేడి వల్లా మిథనాల్ ఆవిరిపై ప్లాటినం జరిపే ఉత్ప్రేరక చర్య వల్లా తీగ కణకణలాడుతూనే ఉంటుంది. జ్వలన సర్క్యూట్ బరువు మోయనక్కర్లేదు, అందుకే చిన్న విమానాలకు ఇది బాగా అమరింది.

వీటి పరిమాణాన్ని ఘనపు అంగుళాల్లో వందోవంతులుగా చెబుతారు. 46 సైజు అంటే 0.46 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 7.5 సి.సి. 61 సైజు 10 సి.సి., 91 సైజు 15 సి.సి., 120 సైజు 20 సి.సి. దరిదాపుల్లో ఉంటాయి.

టూ స్ట్రోక్ గ్లో ఇంజిన్ తేలిక, చవక, నిర్మాణం సులువు. చాలా 46 సైజు ఇంజిన్లకు తయారీదార్లు 16,000 చుట్ల దగ్గర సుమారు 1.6 హార్స్‌పవర్ చూపిస్తారు. కానీ 11×6 ప్రొపెల్లర్ బిగిస్తే ఆ ఇంజిన్ నేల మీద 12,000 నుంచి 13,000 చుట్లే తిరుగుతుంది. అప్పుడు ప్రొపెల్లర్ తీసుకునే శక్తి హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ. అచ్చులో చూపించిన గరిష్ఠ శక్తిని రాబట్టాలంటే చాలా చిన్న ప్రొపెల్లర్ పెట్టి 16,000 దాకా తిప్పాలి. విన్యాస విమానానికి ఆ చిన్న ప్రొపెల్లర్ లాగుడు చాలదు. రెండు ఇంజిన్లను పోల్చేటప్పుడు గరిష్ఠ హార్స్‌పవర్‌ను పక్కనబెట్టి, ఒకే ప్రొపెల్లర్‌ను ఏది ఎన్ని చుట్లు తిప్పుతుందో చూడాలి.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారే మండుతుంది. అదే సి.సి.కి దాని గరిష్ఠ శక్తి తక్కువ. అయితే తక్కువ చుట్ల దగ్గరే గట్టి టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది కనుక పెద్ద ప్రొపెల్లర్‌ను హాయిగా తిప్పుతుంది. ఇంధనం తక్కువ తాగుతుంది, శబ్దం బొంగురుగా, చెవికి ఇంపుగా ఉంటుంది. టూ స్ట్రోక్ స్థానంలో దీన్ని పెట్టాలంటే సుమారు ఒకటిన్నర రెట్ల సి.సి. ఎంచుకుంటారు. 46 టూ స్ట్రోక్ ఉండేచోట 70 ఫోర్ స్ట్రోక్ పెడతారు. జపాన్‌లోని ఒసాకాలో ఒగావా షిగెయో 1936లో నెలకొల్పిన ఓ.ఎస్. సంస్థ 1976లో ఎఫ్ఎస్-60తో వీటిని పెద్ద ఎత్తున మార్కెట్‌లోకి తెచ్చింది. ఫోర్ స్ట్రోక్‌కు వాల్వులు, పుష్‌రాడ్లు ఉంటాయి కనుక అప్పుడప్పుడు వాల్వు ఎడం సరిచూసుకోవడం తప్పదు, ధర కూడా ఎక్కువే.

ఇంధనంలో ఆముదం

గ్లో ఇంధనంలో అధిక భాగం మిథనాల్. కిలో మిథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో సగం కన్నా తక్కువ. కాని పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కు 6.4 కిలోలు చాలు. సిలిండర్‌లోకి చొరబడే గాలికి హద్దు ఉంది కనుక, ఒక్క విడతలో వచ్చే వేడి రెండింటికీ దాదాపు సమానం. పైగా మిథనాల్ ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరుస్తుంది. ఇంధనం మాత్రం రెట్టింపు ఖర్చవుతుంది. 46 సైజు విమానానికి పది పన్నెండు నిమిషాల ఎగురుడుకు 300 మిల్లీలీటర్లకు పైబడిన ట్యాంకు కావాలి.

నైట్రోమీథేన్ తనతోపాటు ఆక్సిజన్ తెచ్చుకుంటుంది, కిలోకు 1.7 కిలోల గాలి చాలు. అందుకే 5 నుంచి 15 శాతం కలిపితే శక్తి పెరుగుతుంది, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా నిలకడగా ఉంటుంది. ఇది ఖరీదు, మన దేశంలో దొరకడమూ కష్టం. నైట్రో లేకుండా కూడా చాలా ఇంజిన్లు నడుస్తాయి, వాటికి వేడి ఎక్కువైన ప్లగ్ వాడితే సరిపోతుంది.

ఇంధనంలో 16 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. ఈ ఇంజిన్లకు వేరే నూనె తొట్టి లేదు, బేరింగులూ పిస్టనూ ఆ ఇంధనంతోనే తడుస్తాయి. దీనికి పాతకాలం నుంచి వాడేది ఆముదం. తెలంగాణలో నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్టపొలాల్లో పండే పంట ఇది. మిథనాల్‌లో ఆముదం చక్కగా కరుగుతుంది. మిశ్రమంలో ఇంధనం తగ్గి ఇంజిన్ కాలిపోయేంత వేడెక్కినా లోహం మీద దాని పొర చెక్కుచెదరదు. మాడినప్పుడు మాత్రం గోధుమరంగు జిగురు పేరుకుంటుంది. అందుకని ఆముదానికి కృత్రిమ నూనె కలిపి వాడడం వాడుక. మిథనాల్ తాగితే కంటిచూపు పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. దాన్ని ఇంట్లో నీళ్ల సీసాల్లో నిలవ చేయకూడదు.

పెట్రోలు ఇంజిన్లు

విమానం బరువు ఏడెనిమిది కిలోలు దాటితే పెట్రోలు ఇంజిన్ లాభసాటి. దీనికి స్పార్క్ ప్లగ్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, దానికొక ప్రత్యేక బ్యాటరీ ఉంటాయి. టూ స్ట్రోక్ నూనెను 30 పాళ్ల నుంచి 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు చొప్పున కలుపుతారు. 50 సి.సి. ఇంజిన్ 22×8 లేదా 23×8 ప్రొపెల్లర్‌ను 6,500 నుంచి 7,000 చుట్లు తిప్పుతుంది. పిచ్ వేగం గంటకు 80 నుంచి 85 కిలోమీటర్లే, లాగుడు మాత్రం విమానం బరువును బాగా మించుతుంది. ఎనిమిది కిలోల త్రీడీ విమానానికి ఇది అచ్చంగా సరిపోయే జోడీ. 100 సి.సి.కి 27×10, 28×10 వాడతారు.

పెట్రోలు ఇంజిన్ గట్టిగా అదురుతుంది. దాన్ని బిగించే మరలకు పట్టుజిగురు రాయాలి. ఇగ్నిషన్ పెట్టెను రిసీవర్‌కు దూరంగా అమర్చాలి, లేకపోతే రేడియో సంకేతాలకు అంతరాయం రావచ్చు. మన బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో మరో జాగ్రత్త అవసరం. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కార్బురేటర్‌లోని రబ్బరు పొరలను ఉబ్బించి గట్టిపడేలా చేస్తుంది. దానికి గాలి తక్కువ చాలు కనుక కార్బురేటర్ సూదిని కాస్త తెరిచి ఇంధనం ఎక్కువ వెళ్లేలా సరిచేయాలి. ఎగురుడు ముగిశాక ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చేసి పెట్టడం మంచిది.

ఇంజిన్ ఏదైనా, ట్యాంకు అమరిక విన్యాసాల్లో కీలకం. తలకిందులైనప్పుడూ ఇంధనం అందేలా ట్యాంకు లోపలి మెత్తని గొట్టం చివర చిన్న బరువు వేలాడుతుంది, ఇంధనం ఎటు జారితే అదీ అటే జారుతుంది. గ్లో ఇంజిన్‌లో ట్యాంకు నడిమి ఎత్తు కార్బురేటర్ సూది ఎత్తుకు సమానంగా ఉండాలి. లేకపోతే నిటారుగా ఉన్నప్పుడు ఒక తీరుగా, తలకిందులైనప్పుడు ఇంకో తీరుగా ఇంజిన్ నడుస్తుంది. పెట్రోలు కార్బురేటర్లలో పంపు ఉండడంతో ఈ ఇబ్బంది చాలా తక్కువ.

ఎలక్ట్రిక్ మోటార్లు

బ్రష్‌లెస్ మోటార్, లిథియం పాలిమర్ బ్యాటరీ వచ్చాక విన్యాస విమానాల స్వరూపమే మారింది. ఇక్కడ సి.సి. స్థానంలో చూడవలసినవి వాట్లు, కేవీ అంకె. బ్యాటరీ నుంచి తీసుకునే శక్తి విమానం బరువులో కిలోకు 220 వాట్లుంటే సాధారణ ఎగురుడుకు చాలు. విన్యాసాలకు సుమారు 330, త్రీడీకి 440 కావాలి. కేవీ అంటే ప్రొపెల్లర్ లేకుండా ఒక్కో వోల్టుకు మోటార్ తిరిగే చుట్ల సంఖ్య. భారం పడ్డాక అందులో నాలుగింట మూడు వంతుల నుంచి ఐదింట నాలుగు వంతుల దాకా మిగులుతుంది. కేవీ తక్కువైన మోటార్ పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పుతుంది, ఎక్కువైనది చిన్న ప్రొపెల్లర్‌ను వేగంగా తిప్పుతుంది.

గ్లో ఇంజిన్‌కు పెద్ద ప్రొపెల్లర్ పెడితే అది అలసి చుట్లు తగ్గించుకుంటుంది. మోటార్ అలా చేయదు. చుట్లను నిలబెట్టుకోవడానికి మరింత కరెంటు లాగి తనను, తనకు కరెంటు అందించే కంట్రోలర్‌ను, బ్యాటరీని కాల్చేసుకుంటుంది. అందుకే ఎలక్ట్రిక్ విమానానికి కొత్త ప్రొపెల్లర్ బిగించిన ప్రతిసారీ వాట్‌మీటర్‌తో కరెంటు కొలవడం తప్పనిసరి.

పోటీలు నేర్పిన పాఠం

ప్యాటర్న్ విన్యాసాలకు అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఎఫ్ఏఐ ఎఫ్3ఏ అనే విభాగాన్ని నిర్వహిస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్ 10 సి.సి. మించకూడదన్న నియమం ఉన్న రోజుల్లో పోటీదార్లు శక్తిని పెంచే ట్యూన్డ్ ఎగ్జాస్ట్ పైపులతో 11 అంగుళాల ప్రొపెల్లర్‌ను 13, 14 వేల చుట్లు తిప్పేవారు. 1977లో ఆస్ట్రియాకు చెందిన హానో ప్రెట్నర్‌కు ప్రపంచ టైటిల్ తెచ్చిన క్యురారే ఆ తరం విమానం, సన్నగా, వేగంగా దూసుకుపోయేది. 1980లలో విన్యాసాలను విరామం లేకుండా న్యాయనిర్ణేతల ముందున్న పరిమిత ఆకాశంలోనే వరుసగా చేయాలన్న పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి వేగం కన్నా ఒకే వేగాన్ని నిలుపుకోవడం ముఖ్యమైంది. 20 సి.సి. ఫోర్ స్ట్రోక్‌లకు అనుమతి దొరికింది, తర్వాత 1990లలో సి.సి. పరిమితే పోయింది. విమానాలు 2 మీటర్ల పొడవు, వెడల్పుల హద్దు దాకా లావెక్కాయి, ప్రొపెల్లర్లు పెరిగాయి. ఎలక్ట్రిక్ యుగంలో 10 సెల్లుల బ్యాటరీతో, రెండున్నర మూడు కిలోవాట్లతో 20, 21 అంగుళాల ప్రొపెల్లర్లను 6,500 చుట్ల దరిదాపుల్లో తిప్పుతున్నారు. ఇంజిన్ల రకం మారుతూ వచ్చినా, ప్రొపెల్లర్ పెద్దదై నెమ్మదించడమన్న దిశ మాత్రం మారలేదు.

శబ్దం కూడా ఈ మార్పుకు ఒక కారణం. 11 అంగుళాల ప్రొపెల్లర్ 15,000 చుట్లు తిరిగితే బ్లేడు కొస సెకనుకు దాదాపు 220 మీటర్ల వేగంతో, అంటే ధ్వని వేగంలో మూడింట రెండు వంతులతో గాలిని కోస్తుంది. చెవులు గింగురుమనిపించే రొదలో చాలా భాగం సైలెన్సర్‌ను దాటివచ్చేది కాదు, ఈ కొసల నుంచి పుట్టేదే.

ప్రొపెల్లర్ పెట్టే పేచీలు

ప్రొపెల్లర్ ఒక దిశలో తిరిగితే విమానం దానికి ఎదురు దిశలో ఒరగాలని చూస్తుంది. ప్రొపెల్లర్ విసిరే గాలి మెలికలు తిరుగుతూ వెళ్లి తోకను ఒక పక్కకు నెడుతుంది. దాంతో నిలువు ఎక్కుడులో విమానం ఎడమకు జారుతుంది. దీనికి విరుగుడుగా ఇంజిన్‌ను ఒకటి రెండు డిగ్రీలు కుడివైపుకు తిప్పి బిగిస్తారు. వ్యాసం పెంచినప్పుడల్లా ఈ కోణాన్ని మళ్లీ సరిచూసుకోవాలి. తిరిగే ప్రొపెల్లర్ బొంగరంలాగే తన అక్షాన్ని మార్చనివ్వదు కనుక, బరువైన ప్రొపెల్లర్ ఉన్న విమానం ముక్కు ఎత్తగానే పక్కకు కదులుతుంది. తేలికైన కార్బన్ ప్రొపెల్లర్లకు ఇది తక్కువ. ఇటీవలి పోటీ విమానాల్లో ఒకే ఇరుసు మీద ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు ఈ పేచీలన్నింటినీ దాదాపు రద్దు చేస్తున్నాయి. వాటి గేర్లకు బరువూ ధరా ఎక్కువ.

మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్‌కు సామర్థ్యం కాస్త తగ్గినా, చక్రాలు పొట్టిగా ఉండి పెద్ద వ్యాసం నేలకు తగిలేచోట అది దారి చూపుతుంది. రెండు బ్లేడ్లదాని కన్నా వ్యాసాన్ని ఒక అంగుళం తగ్గించి దాన్ని ఎంచుకుంటారు.

ఒక విమానానికి లెక్క

రెక్కల వైశాల్యం 40 చదరపు డెసిమీటర్లు, బరువు రెండున్నర కిలోలున్న విన్యాస విమానం తీసుకుందాం. దాని స్టాల్ వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్లు. కాబట్టి పిచ్ వేగం 90 నుంచి 110 కిలోమీటర్ల మధ్య ఉండాలి, లాగుడు మూడు కిలోలైనా రావాలి.

గ్లో ఇంజిన్ పెడితే 12,000 చుట్ల దగ్గర 11×6 ఈ రెండు షరతులనూ దాదాపుగా తీరుస్తుంది. పిచ్ వేగం 110 కిలోమీటర్లు, లాగుడు మూడు కిలోలకు కాస్త తక్కువ, పట్టే శక్తి సుమారు 700 వాట్లు. 46 సైజు ఇంజిన్ ఆ చుట్లను దాటగలదు కనుక లాగుడు మూడు కిలోలు అందుకుంటుంది.

ఎలక్ట్రిక్ అయితే 13×6.5 ప్రొపెల్లర్‌ను 9,500 చుట్లు తిప్పితే చాలు. పిచ్ వేగం 94 కిలోమీటర్లు, లాగుడు సుమారు మూడున్నర కిలోలు. ప్రొపెల్లర్‌కు 700 వాట్లు అందాలంటే, మోటార్, కంట్రోలర్‌ల నష్టాలు కలిపి బ్యాటరీ 870 వాట్లు ఇవ్వాలి. ఆరు సెల్లుల బ్యాటరీ భారం కింద 21 వోల్టులు ఇస్తుందనుకుంటే కరెంటు 41 ఆంపియర్లు, మోటార్ కేవీ సుమారు 565. మార్కెట్లో 550 నుంచి 600 మధ్య దొరికే మోటార్, 60 ఆంపియర్ల కంట్రోలర్ తీసుకోవాలి. సగటున సగం శక్తితో ఎగిరితే, బ్యాటరీలో ఐదోవంతు మిగల్చుకుని కూడా 3,300 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ ఎనిమిది నిమిషాలు నడుపుతుంది.

ఈ లెక్కలన్నీ సముద్రమట్టంలో, 15 డిగ్రీల వేడిలో ఉండే గాలికి కట్టినవి. సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో, 40 డిగ్రీల మధ్యాహ్నం గాలి సాంద్రత అంతకన్నా దాదాపు 14 శాతం తక్కువ. అవే చుట్లకు లాగుడు కూడా అంతే తగ్గుతుంది. గ్లో, పెట్రోలు ఇంజిన్లలో శక్తీ ప్రొపెల్లర్ భారమూ కలిసి తగ్గుతాయి కనుక చుట్లు పెద్దగా మారవు, చుట్ల మీటర్ చూసి అంతా బాగుందనుకునే ప్రమాదముంది. గాలి పలుచబడితే మిశ్రమంలో ఇంధనం పాలు పెరుగుతుంది, సూదిని కొద్దిగా బిగించాలి. విశాఖ తీరాన చలికాలం ఉదయం కుదిరిన సర్దుబాటు ఎండాకాలం హైదరాబాద్‌లో కుదరదు. అందుకే కాగితం మీది లాగుడు లెక్కకు 15, 20 శాతం మిగులు పెట్టుకోవడం మేలు.

బిగించే ముందు, బిగించాక

ప్రతి ప్రొపెల్లర్‌కూ చుట్ల పరిమితి ఉంటుంది. ఏపీసీ సంస్థ ప్రొపెల్లర్లలో గ్లో ఇంజిన్లకు చేసినవాటికి 1,90,000ను అంగుళాల వ్యాసంతో భాగిస్తే ఆ పరిమితి వస్తుంది. 11 అంగుళాలదానికి అది సుమారు 17,000 చుట్లు. అదే సంస్థ నెమ్మది విమానాలకు చేసే పలుచని రకానికి 65,000నే భాగించాలి, అంటే 11 అంగుళాలదానికి 6,000 లోపే. అంకెలు ఒకటేనని పలుచని రకాన్ని ఇంజిన్‌కు బిగిస్తే బ్లేడు విరిగి బాణంలా ఎగిరిపోతుంది. ఎలక్ట్రిక్‌కు చేసిన ప్రొపెల్లర్‌ను పిస్టన్ ఇంజిన్‌కు ఎన్నడూ పెట్టకూడదు, ప్రతి మంటకూ తగిలే కుదుపును అది తట్టుకోలేదు.

కొత్త ప్రొపెల్లర్‌ను బ్యాలెన్సర్ మీద ఉంచి, బరువైన బ్లేడు వెనుకభాగాన్ని గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్ది సమం చేయాలి. అంచు చిట్లినదాన్ని అతికించకుండా పారేయాలి. చుట్లు కొలిచే మీటర్ సరిగా ఉందో లేదో పాతరకం ట్యూబ్‌లైటు కింద చూడవచ్చు. మన కరెంటుకు ఆ లైటు సెకనుకు వంద సార్లు మినుకుతుంది, రెండు బ్లేడ్ల అమరికలో మీటర్ 3,000 చూపాలి. ఇంజిన్ నడుస్తుండగా ప్రొపెల్లర్ తిరిగే తలానికి ఎదురుగా, పక్కగా ఎవరూ నిలబడకూడదు. సూదిని వెనకవైపు నుంచే తిప్పాలి.

విమానం ఎగిరాక దాని ప్రవర్తనే తర్వాతి ప్రొపెల్లర్‌ను చెబుతుంది. నిలువు ఎక్కుడులో మధ్యలోనే ఆగిపోతూ, సమాంతరంగా బాగానే పరుగెడితే వ్యాసం పెంచి పిచ్ తగ్గించాలి. ఎక్కుడు బాగుండి, గాలికి ఎదురు వెళ్లలేకపోతే పిచ్ పెంచి వ్యాసం తగ్గించాలి. దిగేటప్పుడు వేగం మితిమీరితే చిన్న పిచ్, పెద్ద వ్యాసం వైపు జరగాలి. 46 సైజు టూ స్ట్రోక్ గ్లో ఇంజిన్ చుట్లు 11,000 దాటకుండా వేడెక్కుతుంటే భారం ఎక్కువైనట్టు, నేల మీదే 15,000 దాటితే తక్కువైనట్టు. ఎలక్ట్రిక్‌లో కరెంటు పరిమితిని మించితే ముందు పిచ్, తర్వాత వ్యాసం తగ్గించాలి. ఏ అంకెనైనా ఒకసారికి అంగుళానికి మించకుండా మార్చి, అదే వరుసలో విన్యాసాలు చేయించి చూడాలి. ఎన్ని ప్రొపెల్లర్లు మార్చినా నిలువు ఎక్కుడూ వేగమూ రెండూ చాలకపోతే అప్పుడే లోపం ఇంజిన్‌లో ఉన్నట్టు, పెద్దది కొనవలసింది అప్పుడే.